ముంగిట వెలసిన బడి – తారాబాయి మోదక్

అంగన్‌వాడీ అనే మాట తెలియని పల్లె నేడు తెలుగునాట లేదు. చంకన బిడ్డతో వచ్చే తల్లులు, పలకలు పట్టుకొని కూర్చున్న చిన్నారులు, వారికి పాటలు నేర్పుతూ, బరువు తూస్తూ, అన్నం వడ్డిస్తూ ఉండే కార్యకర్త ఆ మాట వినగానే మనకు గుర్తుకు వస్తారు. ప్రభుత్వ పథకం పేరుగానే మనం దానిని ఎరుగుదుము. అయితే ఆ పేరు ఏ కార్యాలయంలోనూ పుట్టలేదు. అరేబియా సముద్రపు ఒడ్డున, నాటి బొంబాయి రాష్ట్రంలో, ఆదివాసుల గుడిసెల ముందు అది పుట్టింది. మరాఠీలో అంగణ్ అంటే ముంగిలి. సంస్కృతంలోని అంగణమే అది. వాడీ అంటే తోట అనీ, నాలుగు ఇండ్ల చిన్న పల్లె అనీ అర్థాలున్నాయి. మన వాడకు అది దూరపు చుట్టం కాదు. పిల్లవాడు బడికి రాకపోతే బడియే పిల్లవాని ముంగిటికి వెళ్ళాలని తలచి, ఆ తలపును చేసి చూపిన విదుషీమణి తారాబాయి మోదక్.

తారాబాయి 1892 ఏప్రిల్ 19వ తేదీన బొంబాయిలో జన్మించింది. తండ్రి సదాశివరావు కేళ్కర్. తల్లి ఉమాబాయి. ఆ దంపతులు ప్రార్థనా సమాజ భావాలు కలవారు. 1867లో బొంబాయిలో ఏర్పడిన ఆ సమాజం కులభేదాలను నిరసించింది. స్త్రీ విద్యను, వితంతు వివాహాలను సమర్థించింది. మన ప్రాంతంలో కందుకూరి వీరేశలింగం పంతులు ఏ ఆశయాల కోసం పాటుపడ్డాడో, పడమటి తీరంలో ఈ సమాజం వారు దాదాపు అవే ఆశయాల కోసం పాటుపడ్డారు. అటువంటి ఇంట పుట్టడం వలన తారాబాయికి ఆ కాలపు బాలికలకు అరుదుగా లభించే భాగ్యం లభించింది. ఆమె ఆటంకం లేకుండా చదువుకొన్నది. 1914లో బొంబాయి విశ్వవిద్యాలయం నుండి బి.ఎ. పట్టం పుచ్చుకొన్నది. ఆనాడు పట్టభద్రురాలైన స్త్రీని వేళ్ళ మీద లెక్కించవచ్చు.

అమరావతికి చెందిన మోదక్ అనే న్యాయవాదితో ఆమెకు వివాహమైంది. ఆ దాంపత్యం సుఖప్రదం కాలేదు. 1921లో వారు విడిపోయారు. భర్తను విడిచిన స్త్రీకి సమాజంలో నిలువ నీడ దొరకని రోజులవి. పుట్టింటి గౌరవం పేరిట అన్నింటినీ దిగమింగి బ్రతకడమే ధర్మమని పెద్దలు బోధించేవారు. తారాబాయి దానికి సమ్మతించక, తన చదువునే ఆధారం చేసుకొని, ఉద్యోగంలో చేరి స్వతంత్రంగా జీవించ నిశ్చయించుకొన్నది. రాజకోటలోని బార్టన్ స్త్రీ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ఆమె ప్రధానాచార్యురాలైంది. ఆ పదవిని అధిష్ఠించిన తొలి భారతీయ స్త్రీ ఆమెయే. మంచి జీతం, మర్యాద, రక్షణ ఉన్న ఉద్యోగమది. ఎక్కువ కాలం ఆమె అందులో నిలువలేదు.

భావనగర్‌లో ఆ రోజుల్లో ఒక వింత ప్రయోగం జరుగుతున్నది. గిజుభాయి బధేకా అనే న్యాయవాది తన వృత్తిని వదలి, నానాభాయి భట్ స్థాపించిన దక్షిణామూర్తి సంస్థలో చేరి, 1920లో రెండున్నర, మూడేళ్ళ పసివారి కోసం ఒక బాలమందిరాన్ని ప్రారంభించాడు. అక్కడ బెత్తం లేదు, గద్దింపు లేదు, పరీక్ష లేదు. బిడ్డలు తమకు తోచిన పని తాము చేసుకొంటూ నేర్చుకొనేవారు. పొడవైన మీసాలు గల గిజుభాయిని పిల్లలు మీసాల అమ్మ అని పిలిచేవారట. 1923లో తారాబాయి రాజకోట ఉద్యోగాన్ని వదలుకొని ఆయన వద్దకు వెళ్ళింది. కళాశాల అధిపతిగా ఉన్న వ్యక్తి పసిపిల్లల చీమిడి తుడిచే పనికి పూనుకోవడం చూసి పలువురు ఆశ్చర్యపడి ఉంటారు. ఆ తొమ్మిదేళ్ళే ఆమెకు అసలైన విశ్వవిద్యాలయమయినాయి. ఇద్దరూ కలిసి పిల్లలకోసం కథలను, పాటలను సేకరించారు. తల్లిదండ్రులకోసం చిన్న చిన్న పుస్తకాలు వ్రాశారు. 1926లో నూతన బాల శిక్షణ సంఘాన్ని నెలకొల్పారు. శిక్షణ పత్రిక అనే పత్రికను తారాబాయి గుజరాతీలోను, తరువాత మరాఠీలోను నడిపింది.

వారిద్దరికీ మార్గదర్శిని ఇటలీ దేశపు వైద్యురాలు మారియా మాంటిస్సోరి. 1907లో ఆమె రోమ్ నగరంలో శాన్ లోరెంజో అనే పేటలో మొదటి బాలగృహాన్ని తెరిచింది. ఆ పేటవారు కూలీలు. తలిదండ్రులు పనికి పోగా దిక్కులేక తిరిగే పసివారి కోసమే ఆ గృహం ఏర్పడింది. ఈ సంగతిని మనం గుర్తుంచుకోవాలి. పేదల పిల్లల కోసం పుట్టిన ఆ విధానం సముద్రాలు దాటి వచ్చేసరికి నగరాలలోని సంపన్నుల ముద్దుబిడ్డల సొత్తుగా మారిపోయింది. కొలతలు తప్పకుండా చేసిన కొయ్య పరికరాలు కావాలి, రంగులు వేసిన దిమ్మెలు కావాలి, నున్నని గచ్చు గల గది కావాలి. వాటి వెల సామాన్యులకు అందేది కాదు. 1931లో లండన్ నగరంలో గాంధీజీ మాంటిస్సోరి విద్యాలయాన్ని దర్శించాడు. అక్కడి పిల్లల క్రమశిక్షణకు ముగ్ధుడయ్యాడు. ఆ క్షణంలోనే ఆయన మనస్సు భారతదేశపు పల్లెలలో ఆకలితో మాడే లక్షలాది పసివారి మీదికి మళ్ళింది. ఈ విద్య వారికి అందే దారి ఏది అన్నదే ఆయన చింత.

అదే ప్రశ్న తారాబాయిని కూడ వేధించింది. భావనగర్ నుండి వచ్చిన తరువాత ఆమె 1936లో బొంబాయిలోని దాదర్‌లో శిశువిహార్ అనే సంస్థను స్థాపించింది. అక్కడ బాలమందిరంతో పాటు ఉపాధ్యాయినులకు శిక్షణ కూడ సాగేది. సంస్థ బాగా వర్ధిల్లింది. మధ్యతరగతి కుటుంబాలవారు తమ బిడ్డలను చేర్చడానికి ముందుకు వచ్చారు. ఏబది ఏండ్లు పైబడిన వయస్సులో, చేతిలో పేరున్న సంస్థ ఉండగా, ఎవరైనా విశ్రాంతిని కోరుకొంటారు. తారాబాయి మాత్రం 1945లో తన గ్రామ బాలశిక్షా కేంద్రాన్ని బోర్డి అనే పల్లెలో ప్రారంభించింది.

బోర్డి ఆనాడు ఠాణే జిల్లాలోని డహాణు తాలూకాలోనిది. 2014లో ఏర్పడిన పాల్ఘర్ జిల్లాలో నేడది ఉన్నది. సముద్రపు ఒడ్డున సపోటా తోటలు, తాడిచెట్లు, వరిపొలాలు. చూపరులకు అది నందనవనం. ఆ తోటలలోను, పొలాలలోను చెమటోడ్చే వారు వార్లీలు అనే ఆదివాసులు. నేడు వార్లీ చిత్రకళ అంటే దేశదేశాల వారు మెచ్చుకొంటారు. ఎర్రమట్టి పూసిన గోడపై బియ్యపు పిండి ముద్దతో గీసిన ఆ బొమ్మలు చీరల మీద, సంచుల మీద కూడ కనిపిస్తాయి. 1945 నాటికి ఆ బొమ్మలను బయటి ప్రపంచం ఎరుగదు. వార్లీలను మాత్రం వెట్టివారుగా, బాకీదారులుగా ఎరుగును. పెండ్లి ఖర్చుకు భూస్వామి వద్ద తెచ్చిన అప్పు తీర్చడానికి భార్యాభర్తలు ఏండ్ల తరబడి అతని ఇంట చాకిరి చేసేవారు. ఆ ఏటనే కిసాన్ సభ ఆధ్వర్యాన, గోదావరి పరుళేకర్ మొదలైనవారి నాయకత్వాన వార్లీలు వెట్టికి వ్యతిరేకంగా తిరుగబడ్డారు. అక్టోబరు నెలలో తల్వాడ వద్ద గుమికూడిన వారి పైన పోలీసులు కాల్పులు జరిపారు. కొందరు అసువులు బాశారు. తారాబాయి ఆ ప్రాంతంలో బాలమందిరం తెరిచిన సంవత్సరం ఇట్టిది. బయటి నుండి వచ్చే ప్రతి మనిషిలోనూ షావుకారునో, అటవీశాఖ ఉద్యోగినో, పోలీసునో చూడడం వార్లీలకు అనుభవం నేర్పిన పాఠం. తెల్లని చీర కట్టుకొని వచ్చి, మీ బిడ్డలను మాకు అప్పగించండి అని అడిగే స్త్రీని వారు ఎందుకు నమ్మాలి?

వారు నమ్మలేదు. బోర్డి ఊరిలో తెరిచిన బాలమందిరానికి ఊరివారి పిల్లలు వచ్చారు. ఆదివాసుల పాడాల నుండి పసివారు రాలేదు. ఒకనాడు వచ్చినవారు మరునాడు కనిపించలేదు. పాడా అంటే ఊరికి ఎడంగా ఉండే ఆదివాసీ గూడెం. ఇటువంటి సందర్భాలలో చదువుకొన్నవారు సాధారణంగా చెప్పే కారణాలు మనకు తెలిసినవే. వారికి చదువు విలువ తెలియదు, వారు సోమరులు, మూఢులు అని అనడం చాల సులభం. తారాబాయి ఆ సులభమైన మార్గాన్ని అనుసరించలేదు. తల్లిదండ్రుల వైపు నుండి ఆలోచించింది. ఆలోచించిన కొద్దీ వారి కారణాలు ఆమెకు న్యాయంగానే తోచాయి.

తెల్లవారక ముందే తల్లీ తండ్రీ కూలికి పోతారు. మూడేళ్ళ బిడ్డను ఊరి మధ్యనున్న బడికి ఎవరు దిగబెట్టాలి? ఇంటివద్ద మిగిలేది ఏడెనిమిదేండ్ల అక్క. ఆమె చంకలో ఏడాది పిల్లవాడు ఉంటాడు. కొంచెం పెద్దవాడైన అన్న మేకలను తోలుకొని పచ్చికబయలుకు పోవాలి. పోకపోతే ఆ పూట గంజికి లోటు. ఇక పసివాడు ఎలాగో బడికి చేరినా అక్కడ ఏమి జరుగుతుంది? వాని ఒంటి మీద గుడ్డ ఉండదు. మురికి చూసి తక్కిన పిల్లలు దూరం జరుగుతారు. పంతులమ్మ మాట్లాడే పుస్తకాల మరాఠీ వానికి అర్థం కాదు. వాని వార్లీ పలుకు విని ఇతరులు నవ్వుతారు. పై పెచ్చు ఆకలి. బిడ్డను అటువంటి చోటికి పంపని తల్లి అవివేకి అని ఎవరనగలరు? బిడ్డ సుఖంగా ఉండని చోటికి ఏ తల్లీ పంపదు. ఆ తల్లి నిరాకరణలో ఒక విమర్శ ఉన్నదనీ, ఆ విమర్శ బడిని గురించినదే అనీ గ్రహించడమే తారాబాయి గొప్పతనమని నా అభిప్రాయం.

ఊరి మధ్యనున్న కేంద్ర బాల్వాడీని అట్లే ఉంచి, ఆమె తన ఉపాధ్యాయినులను పాడాలకు పంపింది, తానూ వెళ్ళింది. గుడిసెల నడుమ ఉన్న ముంగిలియో, చింతచెట్టు నీడయో చాలు, అదే బడి. ఉదయాన పంతులమ్మ ఒక సంచిలో సబ్బు, దువ్వెన, గోళ్ళు కత్తిరించే కత్తెర, కొన్ని ఆటవస్తువులు పెట్టుకొని పాడాకు చేరుకొనేది. ఇంటింటికీ వెళ్ళి పిల్లలను పిలుచుకొని వచ్చేది. మొదటి పాఠం స్నానం. నూతి వద్దనో వాగు ఒడ్డుననో పిల్లలకు నీళ్ళు పోసి, తలలు దువ్వి, గోళ్ళు తీసి, గజ్జి ఉంటే మందు పూసి, ముంగిట్లో కూర్చుండబెట్టేది. ఆ పిమ్మట పాట, ఆట, కథ. తల్లులు గుమ్మాలలో నిలబడి చూసేవారు. ఈ చూడడమే అన్నింటికంటె ముఖ్యమైన విషయం. నాలుగు గోడల నడుమ ఏమి జరుగుతుందో తెలియని బడికీ, తన గుమ్మం నుండి కనబడే బడికీ ఎంతో అంతరం ఉన్నది. బిడ్డను ఎవరూ కొట్టడం లేదు, తిట్టడం లేదు, ఎక్కడికీ తీసుకొని పోవడం లేదు అని తల్లి తన కన్నులతో తాను చూసింది. ముసలివారు కూడ వచ్చి కూర్చునేవారు. ముంగిలి ఆ ఇంటి వారిది. పంతులమ్మ అక్కడ అతిథి. ఎవరు ఎవరి ఇంటికి వెళ్ళారన్న దానిని బట్టి గౌరవం మారుతుంది గదా!

అంగన్ బాల్వాడీ అని ఆమె పెట్టిన పేరు వాడుకలో కుదించుకొని అంగన్‌వాడీ అయింది.

పాడాలో కొయ్య పరికరాలు లేవు, కొనే సొమ్మూ లేదు. తారాబాయి మాంటిస్సోరి పద్ధతిలోని సారాన్ని గ్రహించి రూపాన్ని వదలివేసింది. పసివాడు కంటితో, చేతితో, చెవితో, ముక్కుతో నేర్చుకొంటాడన్నది సారం. అందుకు విదేశాల నుండి తెప్పించిన దిమ్మెలే కావాలన్న నియమమేమీ లేదు. సముద్రపు ఒడ్డున గవ్వలు, ఆల్చిప్పలు కావలసినన్ని ఉన్నాయి. అడవిలో రకరకాల గింజలు, కాయలు, ఈకలు, ఆకులు ఉన్నాయి. చిన్నవీ పెద్దవీ వేరు చేయడానికి గులకరాళ్ళు, లెక్కించడానికి చింతగింజలు, పొడవు పొట్టి తెలియడానికి వెదురు ముక్కలు, నునుపూ గరుకూ తెలియడానికి ఆకులు ఉపయోగించారు. ఎర్రమన్నుతో బొమ్మలు చేశారు; నేల మీద, గోడల మీద బొమ్మలు గీశారు. గోడ మీద బొమ్మ గీయడం వార్లీ బిడ్డకు తల్లి వద్ద నుండి వచ్చిన విద్య. తన తల్లి చేసే పనినే బడిలో గౌరవంగా చేయిస్తున్నారని తెలిసినప్పుడు ఆ బిడ్డకు బడి పరాయిదిగా తోచదు. ఈ పరికరాలలో మరొక సుగుణం ఉన్నది. పోతే బాధ లేదు, విరిగితే భయం లేదు. ఖరీదైన వస్తువు ఉన్న బడిలో పంతులమ్మ పిల్లల కంటె వస్తువులనే ఎక్కువగా కాపాడుతుంది.

భాష విషయంలోనూ ఆమె ఇదే వివేకాన్ని చూపింది. ఉపాధ్యాయినులు మొదట వార్లీ మాటలు నేర్చుకోవాలి. ఆ మాటలలోనే పిల్లలను పలకరించాలి. వారి పాటలను, కథలను పోగుచేసుకోవాలి. వార్లీల తార్పా అనే ఊదుడు వాద్యం పలికితే పెద్దలూ పిన్నలూ చేతులు కలిపి సర్పాకారంగా నర్తిస్తారు. ఆ నృత్యం బాల్వాడీ ఆటలలో చేరితే పిల్లలకు అదొక పండుగ. మరాఠీ తరువాత మెల్లగా వచ్చి చేరుతుంది. ఇంటి భాషను ఇంటివద్ద వదలి రమ్మనే బడికి పిల్లవాడు సగం మనిషిగానే వస్తాడు. ఈ సత్యాన్ని ఇతర ప్రాంతాలవారు కూడ తమ తమ అనుభవాలతో తెలుసుకొన్నారు. నాటి హైదరాబాదు రాష్ట్రంలో, ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో 1943లో హైమన్‌డార్ఫ్ పండితుని ప్రోత్సాహంతో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైనప్పుడు పాఠాలు గోండి భాషలోనే ప్రారంభమయినాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయ, గోండి, సవర, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషలలో ప్రాథమిక పాఠాలు చెప్పే ప్రయత్నం జరిగింది. మార్లవాయికీ దానికీ మధ్య అరువది ఏండ్లు గడిచాయి.

ఇక మిగిలినది చంకలో బిడ్డతో ఉన్న అక్క సమస్య. ఆ బాలిక బడికి రావాలంటే చంకలోని బిడ్డను ఎక్కడైనా దింపాలి. తమ్ముణ్ణి తీసుకొని రావద్దని చెప్పే బడికి ఆమె ఎన్నటికీ రాలేదు. బొంబాయి సమీపంలోని ఈ కొండ ప్రాంతంలోనే గాక, ఈనాటికీ మన దేశంలో ఎన్నో చోట్ల ఆడపిల్లల చదువు ఆగిపోవడానికి చిన్నతమ్ముడే కారణమవుతున్నాడు. తారాబాయి తమ్ముణ్ణి కూడ రమ్మన్నది. వానికోసం ఊయలలు కట్టి శిశుగృహం పెట్టింది. దాని ప్రక్కనే బాల్వాడీ, ఆ ప్రక్కనే ప్రాథమిక పాఠశాల. మూడూ ఒకే ఆవరణలో ఉంటాయి. అక్క తన పాఠం మధ్యలో లేచి వెళ్ళి తమ్ముణ్ణి చూసి రావచ్చు. మూడేళ్ళు నిండగానే తమ్ముడు ఊయల నుండి బాల్వాడీకి, అక్కడి నుండి పాఠశాలకు బెదురు లేకుండా నడిచి వెళ్తాడు. ఈ ఏర్పాటుకు వికాస్‌వాడీ అని పేరు. తరగతి గదులను వయస్సును బట్టి విడదీసే మన అలవాటుకు ఇది విరుద్ధం. కుటుంబంలో పిల్లలు వయస్సును బట్టి విడిపోయి ఉండరని తారాబాయి గమనించింది.

మేకలు తోలే అన్న సంగతి ఏమిటి? మేకలను మానమంటే అతడు బడినే మానుతాడు. కనుక పంతులు పచ్చికబయలుకు వెళ్ళాడు. మరాఠీలో పచ్చికబయలును కురణ్ అంటారు. అందుచేత ఆ బడికి కురణ్‌శాల అని పేరు వచ్చింది. పశువులు మేసే చోట, ఏదో ఒక చెట్టు క్రింద, ఒక కన్ను మంద మీద ఉంచి పిల్లలు అక్షరాలు దిద్దేవారు. మంద కదిలితే బడి కదిలేది. గంటా లేదు, గోడా లేదు. తనిఖీకి వచ్చిన అధికారులకు ఆ బడిని వెదకుకోవడమే ఒక పరీక్ష అయి ఉంటుంది!

ఈ పనులన్నీ తారాబాయి ఒంటరిగా చేయలేదు. ఆమెకు కుడిభుజంగా నిలిచిన అనుతాయి వాఘ్ గురించి చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. అనుతాయి 1910లో పూనా ప్రాంతంలో పుట్టింది. పదమూడవ ఏట పెండ్లి అయింది. ఆరునెలలకే వైధవ్యం ప్రాప్తించింది. ఆమె ఆ దుఃఖంలో మునిగిపోక చదువుకొని పూనాలో ఉపాధ్యాయిని అయింది. ఒక గ్రామసేవికల శిక్షణ శిబిరంలో తారాబాయి పరిచయం కాగా, 1945లో ఆమె వెంట బోర్డికి వచ్చింది. భర్తను విడిచిన ఒకామె, భర్తను పోగొట్టుకొన్న మరొకామె. ఇద్దరి మధ్య పద్దెనిమిది ఏండ్ల అంతరం. సమాజం పనికిరారని ఒక మూలకు నెట్టిన ఇరువురు స్త్రీలు, అదే సమాజం మరొక మూలకు నెట్టిన బిడ్డల కోసం జీవితాలను ధారపోశారు. ప్రణాళిక తారాబాయిది, పాడా నుండి పాడాకు తిరిగిన కాళ్ళు ఎక్కువగా అనుతాయివి. 1956-57 ప్రాంతంలో సంస్థ బోర్డి నుండి కొద్ది దూరంలోని కోస్బాడ్ గుట్ట మీదికి మారింది. వార్లీల గుడిసెలకు మరింత దగ్గర కావడమే అందులోని ప్రయోజనం. వికాస్‌వాడీ ప్రయోగం అక్కడనే పూర్తి రూపం దాల్చింది. గ్రామీణ బాల్వాడీలలో పనిచేయదలచిన యువతులు శిక్షణ కోసం దూరప్రాంతాల నుండి ఆ గుట్టకు రాసాగారు.

కోస్బాడ్ కథను విజయగాథగా మాత్రమే చెప్పడం సబబు కాదు. బాల్వాడీ ఎంత చక్కగా నడిచినా వార్లీల పేదరికం అట్లే ఉన్నది. వరికోతలు అయిపోగానే పనులు వెదకుకొంటూ కుటుంబాలు వలస పోయేవి. వారితో పాటు పిల్లలూ పోయేవారు. భూమి మీద, అడవి మీద హక్కు ఎవరిదన్న ప్రశ్నకు గవ్వలతో, గింజలతో సమాధానం దొరకదు. ఆ ప్రశ్నను పోరాటాలు చేపట్టినవారు మరో దారిలో లేవనెత్తారు. తారాబాయి ఆ దారి నడవలేదు. 1946 తరువాత కొంతకాలం బొంబాయి శాసనసభ సభ్యురాలిగా ఉన్నప్పటికీ ఆమె మనస్సు బిడ్డల మీదనే లగ్నమై ఉండేది. ఒక మనిషి జీవితంలో ఒక్క పనిని పూర్తిగా చేయడమే కష్టం. ఆమె చేసిన పనికి గల మేరను తెలుసుకొని మెచ్చుకోవడమే ఆమెకు నిజమైన గౌరవం.

ఆ మేరలోనే ఆమె సాధించినది చిన్నది కాదు. అంతవరకు పసిపిల్లల విద్య అంటే నగరపు వేడుక. చదువుకొన్న తల్లిదండ్రుల బిడ్డలకు అది అదనపు శోభ. ఎవరి ఇంట పుస్తకం లేదో, ఎవరి భాష బడిలో వినబడదో ఆ బిడ్డకే అది మిక్కిలి అవసరమని ఆమె నిరూపించింది. ఆరవ ఏట బడిలో చేరే సరికే నగరపు బిడ్డ నాలుగు ఆమడల ముందు ఉంటాడు. ఆ దూరం మొదటి తరగతిలో పుట్టినది కాదు. అది రెండవ, మూడవ ఏటనే మొదలవుతుంది. కనుక చికిత్స కూడ అప్పుడే మొదలు కావాలి. నేటి శాస్త్రజ్ఞులు పసివయస్సులో మెదడు ఎంత వేగంగా ఎదుగుతుందో పరిశోధనల ద్వారా వివరిస్తున్నారు. ఆ పరిశోధనలు వెలువడడానికి చాల ముందే ఒక గుట్ట మీద చేసిన పని వాటితో సరిపోతున్నది.

1962లో భారత ప్రభుత్వం తారాబాయిని పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది. 1973 ఆగస్టు 31వ తేదీన, ఎనుబది ఒకటవ ఏట, ఆమె పరమపదించింది.

ఆమె గతించిన రెండేండ్లకు, 1975 అక్టోబరు 2వ తేదీన, కేంద్రప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకాన్ని 33 ప్రాంతాలలో ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. ఆరేండ్ల లోపు బిడ్డలకు, గర్భిణులకు, బాలింతలకు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, వాటితో పాటు బడికి ముందటి విద్య అందించడం దాని లక్ష్యం. ఆ పథకపు కేంద్రాలకు అంగన్‌వాడీ అనే పేరు స్థిరపడింది. నేడు దేశమంతటా 13 లక్షలకు పైగా అంగన్‌వాడీలు ఉన్నాయి. ఉట్నూరు గోండు గూడేలలో, పాడేరు కొండలలో, భద్రాచలం కోయ పల్లెలలో కూడ ఆ బోర్డు కనబడుతుంది. అయితే పేరుతో పాటు పద్ధతి ప్రయాణం చేసిందా అంటే సందేహమే. చాలచోట్ల అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు, పౌష్టికాహారం అనే ఎరుగుదురు. పాట, కథ, గింజలతో లెక్క వెనుకకు జరిగాయి. కార్యకర్త చేతికి గవ్వల సంచి కంటె దస్త్రాలు ఎక్కువగా వచ్చాయి. ముంగిట్లో ఉండవలసిన బడి ఒక గదిలోకి వెళ్ళింది. వానకూ ఎండకూ గది అవసరమే, కాదనలేము. కాని గదికి తలుపు ఉంటుంది; గుమ్మంలో నిలబడి చూసే తల్లికి ఆ తలుపు అడ్డు.

తారాబాయి మరణానంతరం కోస్బాడ్ సంస్థ భారమంతా అనుతాయి పైన పడింది. ఆమె ఆ గుట్టను విడిచి వెళ్ళలేదు. 1985లో ఆమెకు పద్మశ్రీ లభించింది. తమ అనుభవాలను ఆమె మరాఠీలో కోస్బాడ్ గుట్ట పేరుతోనే ఒక గ్రంథంగా వ్రాసింది. చూపు మందగించిన వార్ధక్యంలో కూడ పాడాల నుండి వచ్చే పసివారిని దగ్గరకు పిలిచి పలకరించేది. 1992 సెప్టెంబరులో ఆమె కన్నుమూసే నాటికి, ముంగిట స్నానం చేయించుకొన్న మొదటి తరం పిల్లల బిడ్డలు ఆ బాల్వాడీలలో చదివే ఈడుకు వచ్చారు.